ఆటల్లోంచి త్రీడీ మోడల్స్ తీసే కుర్రాడిని ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మా అబ్బాయి వచ్చే ఏడాది డిగ్రీలో చేరాలి. రాత్రి పొద్దుపోయేదాకా ప్లేస్టేషన్ లాంటి పాత కన్సోళ్ల వీడియో గేముల్లోంచి త్రీడీ మోడల్స్ బయటికి తీస్తూ కూర్చుంటాడు. ఇదే తన కెరీర్ అంటున్నాడు. గేమ్ డిజైన్ కోర్సులో చేర్పించమని బంధువులు చెబుతున్నారు. అది మంచిదా, కంప్యూటర్ సైన్స్ మంచిదా? అసలు వాడు చేస్తున్నది దొంగతనం కాదా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది రెండు కోర్సుల గురించే అయినా, మీ దిగులు వాటి గురించి కాదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. చేతికందివచ్చిన బిడ్డ ఆటల్లో పడి చెడిపోతున్నాడేమోనన్నది మీ భయం. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి కాబట్టి ముందు ఆ భయానికే జవాబు చెబుతాను. మీ అబ్బాయి రాత్రిళ్లు కూర్చుని చేస్తున్నది ఆడడం కాదు, ఎవరో కట్టిన యంత్రాన్ని విప్పి చూడడం. అందులో చదువు ఉంది, అదీ తేలికైన చదువు కాదు.

ఎంత కష్టమో ఒక ఉదాహరణతో చెబుతాను. ఆటలోని పాత్ర ముఖం ఫైలులో ముఖంలా ఉండదు, వరుసగా అంకెలు ఉంటాయి. ఒక్కో శీర్షానికి, అంటే ఆకారంలోని ఒక్కో మూల బిందువుకు, దాని స్థానం చెప్పే మూడు నిరూపకాలు, ఏ మూడు శీర్షాలు కలిస్తే ఒక త్రిభుజం అవుతుందో చెప్పే పట్టిక, పైన అతికించే రంగుల బొమ్మ, అంటే టెక్స్చర్, ఎక్కడ ఉందో చెప్పే గుర్తులు అందులో ఉంటాయి. వీటిలో ఏది ఎక్కడ మొదలవుతుందో ఎవరూ రాసిపెట్టరు. ఫైలులోని అంకెలను ఉన్నవి ఉన్నట్టు చూపించే హెక్స్ ఎడిటర్‌లో బైట్లు చూసుకుంటూ తానే ఊహించి, ఆ ఊహ సరైనదో కాదో పరీక్షించుకోవాలి. 00 01 అనే రెండు బైట్లను నింటెండో వారి గేమ్‌క్యూబ్ కన్సోల్ పద్ధతిలో, అంటే పెద్ద స్థానం ముందు వచ్చేలా చదివితే 1 వస్తుంది, ప్లేస్టేషన్ 2 పద్ధతిలో, అంటే చిన్న స్థానం ముందు వచ్చేలా చదివితే అవే రెండు బైట్లు 256 అవుతాయి. ఈ ఒక్క తేడా గమనించకపోతే ముఖం రావలసిన చోట తెర నిండా ముళ్లకంపలాంటి గీతలు వస్తాయి. ఆ గీతలను చూసి తప్పు ఎక్కడుందో కనిపెట్టగలిగిన పిల్లవాడిని సోమరి అనడం నాకు చేతకాదు.

పైగా కన్సోల్ మారితే పని మొదటికొస్తుంది. 1994లో వచ్చిన తొలి ప్లేస్టేషన్‌లో లోతుకు సంబంధించిన లెక్కలన్నీ ముందే అయిపోతాయి, బొమ్మ గీసే చిప్‌కు తెర మీది చదును స్థానాలు మాత్రమే అందుతాయి. అందుకే ఆ చిప్ దగ్గర కాపు వేసి పట్టుకుంటే దొరికేది నలిగిన కాగితంలా చదునైన ఆకారమే. లోతు కావాలంటే ఇంకా వెనక్కి, మెమరీలోకో డిస్కులోని ఫైలులోకో వెళ్లాలి. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2లో ఆ లెక్కలు చేసే ప్రోగ్రాములను స్టూడియోలు తమకు తోచినట్టు రాసుకోగలిగేవి, కాబట్టి ఒక ఆటకు పనికొచ్చిన కిటుకు మరో ఆటకు పనికిరాకపోవచ్చు. నింటెండో డీఎస్‌లో చాలా ఆటలు ఒకే రకం ఫైలును వాడాయి గనుక అక్కడ పని కొంత సులువు. పాత ఆటను కంప్యూటర్ మీద ఆడించే ఎమ్యులేటర్ నడుస్తుండగా పట్టుకున్న మోడల్‌లో చాలాసార్లు పాత్రను కదిలించే ఎముకల అమరిక పోయి, ఆ క్షణంలో పాత్ర ఏ భంగిమలో ఉందో అదే గడ్డకట్టి వస్తుంది. దాన్ని మళ్లీ కదిలేలా చేయాలంటే మాత్రికలూ త్రికోణమితీ తెలియాలి.

ఇక కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో వాడు ఏ కన్సోల్ మీద పని చేస్తున్నాడో లేదు, ఇంతవరకు ఏం బయటికి తీశాడో లేదు. బంధువులను అడిగారు, నన్ను అడిగారు, పక్క గదిలో ఉన్న బిడ్డను మాత్రం అడగలేదు. ఒక సాయంత్రం వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. నింజా రిప్పర్ లాంటి రెడీమేడ్ టూల్‌తో మోడల్‌ను పట్టుకుని అంతటితో ఆపేస్తున్నాడా, సొంతంగా పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రాము (స్క్రిప్టు) రాసి ఫైలు విప్పుతున్నాడా, లేక తీసినదాన్ని బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి గంటల తరబడి వెలుగునీడలు దిద్దుతున్నాడా అన్నది చూడండి. మొదటిది సరదా. రెండోదైతే వాడిది ప్రోగ్రామర్ బుద్ధి. మూడోదైతే కళాకారుడి కన్ను.

గేమ్ డిజైన్ కోర్సు మీద నాకున్న అనుమానాలు దాచుకోను. అవి అన్నీ చెడ్డవి కావు. కానీ పేరు ఘనంగా ఉండి, లోపల రెండు మూడు సాఫ్ట్‌వేర్ల మెనూలు నేర్పి పంపేసేవి నేను చాలా చూశాను. మెనూలు మారతాయి, సదిశలు, మాత్రికలు, డేటా నిర్మాణాలు మారవు. ఒకే అభ్యాసం చేసి బయటికొచ్చిన విద్యార్థులందరి పోర్ట్‌ఫోలియోలూ, అంటే తమ పని నమూనాలూ, ఒకేలా ఉంటే, ఉద్యోగం ఇచ్చేవాడు ఎవరిని ఎంచుకుంటాడు? పైగా 2023, 2024 సంవత్సరాల్లో పెద్ద గేమ్ కంపెనీలే వేల మందిని తీసేశాయి. ఆ ఒక్క పరిశ్రమకే పనికొచ్చే చదువును చేతిలో పెట్టుకుని అలాంటి కాలంలో బయటపడడం చాలా కష్టం. ఫైళ్లు విప్పడం, గ్రాఫిక్స్ వెనుక గణితం తెలిసినవాడికి గేములు తయారుచేసేవారికి పనిముట్లు రాసిచ్చే టూల్స్ ప్రోగ్రామర్‌గానే కాక, యానిమేషన్, వైద్య చిత్రణ, కంప్యూటర్ భద్రత, పాత డిజిటల్ వస్తువులను కాపాడే గ్రంథాలయాల్లోనూ పని ఉంటుంది. అందుకే స్క్రిప్టులు రాసే పిల్లవాడైతే నేను సందేహం లేకుండా కంప్యూటర్ సైన్స్ అంటాను. కళ వైపు మొగ్గితే బొమ్మ గీయడం, శరీర నిర్మాణం గట్టిగా నేర్పే చోటు వెతకండి.

దొంగతనం సంగతి. మోడల్ మీద హక్కు దాన్ని తయారు చేసిన సంస్థదే, బయటికి తీసినంత మాత్రాన అది మీవాడిది కాదు. నకలు తీయకుండా పెట్టిన డిజిటల్ తాళాలు ఛేదించి తీయడాన్ని కూడా నిషేధించే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి, కాబట్టి మీ దేశంలో నియమం ఏమిటో వాడినే చదివి మీకు చెప్పమనండి. ఎలా కట్టారో తెలుసుకోవడానికి చూడడం ఒక ఎత్తు, అమ్మడం, సొంత ఆటలో వాడడం, పోర్ట్‌ఫోలియోలో తన పనిగా చూపించడం మరో ఎత్తు. చివరిది బయటపడితే తలుపులు మూసుకుపోతాయి. వాడు చూపించాల్సినవి తాను రాసిన స్క్రిప్టు, ఫైలు నిర్మాణాన్ని వివరిస్తూ రాసుకున్న నోట్సు, అదే కన్సోల్ పరిమితులకు లోబడి మొదటి నుంచి తానే కట్టిన ఒక మోడల్.

నిద్ర చెడితే మాత్రం ఒప్పుకోకండి, పడుకునే వేళ ఖచ్చితంగా పెట్టండి. గణితం మార్కులు ఎలా ఉన్నాయో కూడా చూడండి, అవి బలహీనంగా ఉంటే మోడల్‌ను తిప్పే మాత్రిక దగ్గర నుంచే పాఠం మొదలుపెట్టించవచ్చు. ఈ లోపల ఏ కోర్సుకూ ముందస్తు ఫీజు కట్టకండి. ముందుగా అక్కడ చివరి ఏడాది చదువుతున్న ఇద్దరు విద్యార్థుల పని చూపించమని అడగండి, చూపించకపోతే వెనక్కి వచ్చేయండి.