పిచ్చుక గూటికి ఎండ తగులుతోంది

ప్రశ్న: పెరటి గోడకు బిగించిన చెక్క గూటిలో పిచ్చుక పిల్లలున్నాయి. మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతోంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని కన్నం దగ్గరే ఉంటున్నాయి. గూటిని నీడకు మార్చవచ్చా? నీళ్లు చల్లవచ్చా?

జవాబు: రెండూ వద్దు. చోటు మారిస్తే తల్లి గూటిని పోల్చుకోలేక పిల్లల్ని వదిలేయవచ్చు. నీళ్లు చల్లితే లోపలి గడ్డి తడిసి బూజు పడుతుంది. మేతకు కాకుండా ఎప్పుడూ నోరు తెరిచి రొప్పుతున్నాయంటే వేడికి తాళలేకపోతున్నాయన్నమాట. పక్షులకు చెమట పట్టదు మరి.

గూడు కదలకుండా నీడనే అక్కడికి తీసుకురండి. పైకప్పు మీద నాలుగు మూలలా 2 సెంటీమీటర్ల చెక్కముక్కలు పెట్టి, వాటిపై తెల్లరంగు వేసిన ఇంకో పలక బిగించండి. మేకులు కొట్టొద్దు, అదురుకు పిల్లలు బెదురుతాయి. తీగతో కట్టినా చాలు. రెండు పలకల మధ్య గాలి ఆడాలి, ఆ సందు మూసేస్తే ఫలితం సగమే. పలక పడమటి వైపు 10 సెంటీమీటర్లు ముందుకు ఉండాలి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు, తల్లి మేతకు వెళ్లగానే పది నిమిషాల్లో ముగించండి.

పిల్లలు ఎగిరిపోయాక గూడు విప్పి, కప్పుకు కాస్త దిగువన రెండు పక్కలా మూడేసి 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయండి. వేడిగాలి అక్కడినుంచే బయటికి పోతుంది. పలుచని ప్లైవుడ్ అయితే మార్చేయండి, 20 మిల్లీమీటర్ల చెక్క మేలు. రేకు గూళ్ల జోలికి అసలు పోవద్దు. మళ్లీ బిగించేటప్పుడు కన్నం తూర్పుకో ఉత్తరానికో ఉండాలి. రంగు బయటే, లోపల వద్దు.