పది చేలలో ఏడు పండితే సంభావ్యత 0.7 అనవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో నాలుగెకరాల మెట్ట. నాన్నగారు ఏటా వేసే పాత రకం వేరుశనగ మీద ఎకరానికి సుమారు 8,000 రూపాయలు మిగులుతుంది. నిరుడు మా ఊళ్ళో పదిమంది కొత్త రకం వేస్తే ఏడుగురికి ఎకరానికి 20,000 మిగిలింది, ముగ్గురికి 15,000 నష్టం వచ్చింది. నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. పండే సంభావ్యత 0.7 అనుకుంటే సగటున 9,500 వస్తుంది కనుక మారదామన్నాను. “పది చేలు చూసి ఏం తెలుస్తుందిరా?” అన్నారు నాన్నగారు. సంభావ్యతను రెండు హద్దుల మధ్య చెప్పే పద్ధతి ఉందని విన్నాను. అది ఏదీ తేల్చకుండా తప్పించుకోవడం కాదా?

జవాబు: మీ గుణకారంలో పొరపాటు లేదు. అయితే పది చేలలో ఏడు పండినా, వంద చేలలో డెబ్బై పండినా మీరు వేసే అంకె 0.7 మాత్రమే. ఎంత చూసి ఆ మాట అంటున్నామన్నది దానిలో ఎక్కడా కనబడదు. మీ నాన్నగారు అడిగింది సరిగ్గా ఆ సంగతినే.

ఈ చర్చ పాతది. సంభావ్యతలన్నిటికీ అంకెలు వేయలేమని, వాటి వెనుక ఉన్న సాక్ష్యం బరువును విడిగా చూడాలని ఆర్థికవేత్త కీన్స్ 1921లోనే రాశారు. నిలకడగా ఎంచుకునే మనిషి ప్రతి ఘటనకూ మనసులో ఒకే సంభావ్యత ఉన్నట్టు ప్రవర్తిస్తాడని 1954లో గణాంకవేత్త శావేజ్ నిరూపించారు. ఆ నిరూపణ ఆధారపడిన నియమాలను 1961లో ఆర్థికవేత్త ఎల్స్‌బర్గ్ ఒక పెట్టెతో ప్రశ్నించారు. అందులో 90 బంతులుంటాయి. 30 ఎర్రవి, తక్కిన 60లో నల్లవెన్నో పసుపువెన్నో తెలియదు. ఎరుపు మీద పందెమా, నలుపు మీదా అంటే చాలామంది ఎరుపే అంటారు. “ఎరుపు లేదా పసుపు” కావాలా, “నలుపు లేదా పసుపు” కావాలా అని అడిగితే రెండోది కోరుకుంటారు. మొదటి జవాబు ప్రకారం ఎరుపు సంభావ్యత ఎక్కువ, రెండో జవాబు ప్రకారం నలుపుది ఎక్కువ. ఒక్కో రంగుకు ఒక్క అంకే వేస్తే ఈ రెండూ పొసగవు. నలుపు సంభావ్యత 0 నుంచి 2/3 వరకు ఎక్కడైనా ఉండవచ్చని ఒప్పుకుని, దిగువ హద్దును చూసి ఎంచుకునేవారికి మాత్రం రెండు జవాబులూ సహజమే. వారిని తెలివితక్కువవారనడం నాకు సమంజసంగా తోచదు.

ఇలాంటి హద్దుల మీద ఒక పూర్తి గణాంక పద్ధతిని 1991లో గణాంకవేత్త పీటర్ వాలీ గ్రంథంగా రాశారు. 1996లో ఆయన ప్రతిపాదించిన సూత్రం మీ పొలానికి నేరుగా పనికొస్తుంది. చూసిన పది చేలకు చూడని రెండు చేలను కలపండి. ఆ రెండూ దెబ్బతిన్నాయనుకుంటే 7/12, రెండూ పండాయనుకుంటే 9/12. అంటే సంభావ్యత 0.58కీ 0.75కీ మధ్య ఉంటుంది. అదే వంద చేలలో డెబ్బై పండి ఉంటే 70/102, 72/102 వస్తాయి, అంటే దాదాపు 0.69, 0.71. తెలిసినది పెరిగేకొద్దీ హద్దులు దగ్గరవుతాయి. కాబట్టి ఇది తప్పించుకోవడం కాదు. మనకు తెలిసినది ఎంతో అంతే చెప్పడం.

ఇక నిర్ణయం. కొత్త రకం మీద ఎకరానికి సగటు రాబడి దిగువ హద్దులో 5,417, ఎగువ హద్దులో 11,250. పాత రకపు 8,000 ఈ రెంటి మధ్యలో పడుతుంది గనుక మీ దగ్గరున్న సమాచారంతో ఏది మేలో తేలదు. వంద చేల సమాచారమైతే దిగువ హద్దులోనే 9,020 వస్తుంది, అప్పుడు మారవచ్చు.

కానీ ఇక్కడ మీరు తడమని విషయం ఒకటుంది. 15,000 నష్టం మీ ఇంట్లో 15,000 లాగే తగులుతుందా? అప్పు తెచ్చి విత్తనం కొన్న ఇంటికి అది ఒకటిన్నర రెట్లు బరువు కావచ్చు. ఎంత బరువో మీ నాన్నగారు కూడా ఒక్క అంకెలో చెప్పలేరు. అందుకే ప్రయోజనాన్ని, అంటే ఒక లాభం గానీ నష్టం గానీ మనకెంత బరువో ఆ కొలతను సైతం రెండు హద్దుల మధ్యే పెట్టడం న్యాయం. నష్టాన్ని 15,000 నుంచి 22,500 దాకా అనుకుంటే, వంద చేల సమాచారం ఉన్నా దిగువ హద్దు 6,667కు పడిపోయి మళ్ళీ తేలకుండా పోతుంది. పైగా మీరు చూసిన పది చేలూ ఒకే ఏడాది, ఒకే వాన కింద పండినవి. వాటిని పది వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కించడం కష్టం, కనుక అసలు హద్దులు నేను వేసినవాటి కన్నా వెడల్పుగానే ఉంటాయి.

తేలనప్పుడు ఏం చేయాలన్నదానికి రెండు దారులున్నాయి. దిగువ హద్దులు పోల్చి ఎక్కువ ఉన్నదాన్ని తీసుకోమని ఆర్థికవేత్తలు గిల్బోవా, ష్మైడ్లర్ 1989లో ఇచ్చిన నియమం. దాని ప్రకారం పాత రకమే. హద్దుల లోపల ఏదో ఒక సంభావ్యతకైనా మేలనిపించే ప్రతిదీ ఆమోదయోగ్యమేనన్నది తత్వవేత్త ఐజాక్ లెవీ వాదం. దాని ప్రకారం రెండూ సరే. నాకు లెవీ వైపే మొగ్గు, ఎందుకంటే అది మీకు ప్రయోగం చేసే వీలు మిగులుస్తుంది. మూడెకరాల్లో పాత రకమే ఉంచి ఒక ఎకరంలో కొత్తది వేయండి. దిగువ హద్దు ప్రకారం సగటున మీరు పోగొట్టుకునేది 2,583 రూపాయలు. నష్టాన్ని ఒకటిన్నర రెట్లుగా లెక్కించినా 5,708. వానెంత పడిందో, ఎవరి చేనులో ఏమైందో ఈ ఏడాది మీరే రాసి పెట్టుకుని, వచ్చే ఖరీఫ్‌కు ముందు నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ హద్దులను మళ్ళీ వేయండి.