వాతావరణ ముప్పును పట్టించుకోని డైరెక్టరుకు చట్టపరమైన బాధ్యత ఉంటుందా?

చిత్తూరులో మామిడి గుజ్జు తీసే ప్రైవేటు కంపెనీ డైరెక్టరుగా మీరడిగిన ఈ ప్రశ్నకు జవాబు, ఉంటుందనే. 2013 కంపెనీల చట్టం 166వ సెక్షను ప్రకారం డైరెక్టరు కంపెనీ, ఉద్యోగులు, వాటాదారులు, సమాజం మేలు కోసమూ పర్యావరణ పరిరక్షణ కోసమూ సద్భావంతో నడుచుకోవాలి, తగిన శ్రద్ధ, నైపుణ్యం చూపాలి. ఉల్లంఘిస్తే లక్ష నుంచి 5 లక్షల రూపాయల దాకా జరిమానా. అందులో వాతావరణ మార్పు అన్న మాట లేదు గానీ, 2021 నవంబరులో తిరుపతి వీధులు నీట మునగడం చూశాక వరదను ఊహించలేదన్న వాదన నిలవదని నా అభిప్రాయం. పూత రాలి తోతాపురి దిగుబడి పడిపోతే ఒప్పుకున్న ఆర్డర్లు ఎలా తీరుస్తారో, గోదాములోకి నీరొస్తే గుజ్జు డ్రమ్ములు ఏమవుతాయో బోర్డులో చర్చించి మినిట్స్‌లో రాయించండి; రేపు నిర్ణయం బెడిసికొట్టినా ఆ రాతే మీకు అండ. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అడిగే బీఆర్‌ఎస్‌ఆర్ (పర్యావరణ, సామాజిక బాధ్యతల వివరాలిచ్చే) నివేదిక పెద్ద లిస్టెడ్ కంపెనీలకే, మీ ప్రైవేటు కంపెనీకి కాదు.