ఐర్లాండ్‌లో పీహెచ్‌డీ: స్థలం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసింది. ఐర్లాండ్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇంటి స్థలం తాకట్టు పెట్టి 25 లక్షలు లోన్ తీసుకోమని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. తీసుకోవచ్చా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: స్థలం జోలికి వెళ్లకండి. మాస్టర్స్‌కి సాధారణంగా మనమే డబ్బు కట్టాలి. పీహెచ్‌డీకి మాత్రం ఫీజు వాళ్లే కట్టి, నెలనెలా స్టైపెండ్ కూడా ఇచ్చే సీట్లు అక్కడ ఉన్నాయి. అమ్మాయిని వాటికే ప్రయత్నించమనండి. ఫండింగ్ లేని సీటు వస్తే వదులుకోమనే నేను చెబుతాను.

మొదటి దారి, ప్రొఫెసర్‌కి పరిశోధన కోసం గ్రాంట్ వచ్చినప్పుడు ఇచ్చే ప్రకటనలు. ఇవి యూనివర్సిటీల సైట్లలో, పరిశోధన ఉద్యోగాల సైటు యూరాక్సెస్ ఐర్లాండ్‌లో కనిపిస్తాయి. మీ అమ్మాయి సబ్జెక్టుకైతే కార్క్ నగరంలోని పరిశోధన కేంద్రం ఏపీసీ మైక్రోబయోమ్, వ్యవసాయ సంస్థ చాగస్క్ ఇచ్చే వాల్ష్ స్కాలర్‌షిప్‌లు తప్పక చూడాలి. రెండో దారి, సొంత ప్రపోజల్‌తో, పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ రీసెర్చ్ ఐర్లాండ్ వాళ్ల గవర్నమెంట్ ఆఫ్ ఐర్లాండ్ స్కాలర్‌షిప్‌కి అప్లై చేయడం. దీని గడువు సాధారణంగా అక్టోబర్‌లో ముగుస్తుంది. ముందే గైడ్ ఒప్పుకోవాలి కాబట్టి జూన్, జులై నుంచే మెయిల్స్ మొదలుపెట్టాలి. ఒకే మెయిల్ యాభై మందికి పంపితే ఎవరూ పట్టించుకోరు. ఆ ప్రొఫెసర్ పేపర్లు రెండైనా చదివి, తన ప్రాజెక్టుకీ వాటికీ సంబంధం ఏమిటో నాలుగు మాటల్లో రాయాలి. ఈ పని అమ్మాయే చేయాలి, కన్సల్టెన్సీకి ఇందులో పనే లేదు.

అసలు టెన్షన్ ఫీజు దగ్గర. ఈ గవర్నమెంట్ ఆఫ్ ఐర్లాండ్ స్కాలర్‌షిప్‌లో స్టైపెండ్ ఏడాదికి 25,000 యూరోలు, ఫీజు కింద 5,750 యూరోల వరకూ ఇస్తారు. యూరప్ బయటి నుంచి వచ్చే వాళ్లకి ఫీజు చాలా చోట్ల దానికి రెట్టింపుకు మించే ఉంటుంది. కొన్ని యూనివర్సిటీలు ఆ తేడాను మాఫీ చేస్తాయి, కొన్ని చేయవు. 'ఫుల్లీ ఫండెడ్' అన్న మాట చూసి సంబరపడకండి. నాన్ ఈయూ ఫీజు (యూరోపియన్ యూనియన్ బయటి వాళ్లకి వేసే ఫీజు) మొత్తం ఎవరు కడతారు, ఎన్నేళ్లు కడతారు అని రాతపూర్వకంగా అడగమనండి. ఆ తేడా మీ మీద పడితే నాలుగేళ్లలో మళ్లీ లోన్ లెక్కే వస్తుంది.

స్టైపెండ్ నెలకు 2,083 యూరోలు పడుతుంది. స్కాలర్‌షిప్ కాబట్టి దాని మీద ఆదాయపు పన్ను ఉండదు. డబ్లిన్‌లో ఒక్క గదికే 800 నుంచి 1,000 యూరోలు పోతుంది, కార్క్, గాల్వేల్లో కొంత తక్కువ. ఒక్కరికి సరిపోతుంది గానీ, అందులోంచి ఇంటికి పంపుతుందని లెక్కలు వేసుకోకండి. పిల్ల అక్కడ తిండి తగ్గించుకుని మనకు పంపే పరిస్థితి రాకూడదు.

మీరు సిద్ధం చేసుకోవాల్సింది మొదటి రెండు నెలల ఖర్చు. టికెట్, వీసా, ఇన్సూరెన్స్, గది అడ్వాన్స్, అక్కడ దిగాక కట్టే 300 యూరోల ఇమ్మిగ్రేషన్ రిజిస్ట్రేషన్ ఫీజు. యూరో వంద రూపాయలనుకుంటే నాలుగైదు లక్షల్లో అయిపోతుంది. ఆ మొత్తం ఇప్పటి నుంచే ఎఫ్‌డీలో విడిగా పెట్టండి.