మొదటి ఐజీపీ ట్రయల్‌కి పేరు ఇచ్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

కుక్క క్లబ్బులో బాగానే చేస్తోంది, ఐజీపీ ట్రయల్‌కి, అంటే జాడ పట్టడం, మాట వినడం, కాపలా కాయడం మూడింట్లోనూ కుక్కకి పెట్టే పోటీ పరీక్షకి, పేరు ఇచ్చేయనా అని అడిగావు. ముందు ఒక చిన్న పరీక్ష పెట్టి చూడు. జేబులో బంతి ఉండకూడదు, తిండి ముక్క ఉండకూడదు. ఒక అంశం అయ్యాక "శభాష్" అని చిన్నగా అనడం తప్ప ఇంకేమీ ఇవ్వకుండా ఒబీడియన్స్ (మాట వినే భాగం) మొత్తం వరసగా చేయించు. సగంలోకి వచ్చేసరికి తల దించి గడ్డి వాసన చూడడం మొదలుపెట్టిందంటే దానికి పని రాదని కాదు. కూలి కళ్ళకు కనబడకుండా అంతసేపు పనిచేయడం దానికి ఎవరూ నేర్పలేదు. క్లబ్బులో మెరిసిన కుక్కలు ట్రయల్లో చప్పబడేది చాలావరకు ఇందుకే.

నియమాలు నీకు తెలిసినవే, ఒక్కసారి గుర్తు చేస్తాను. ఈ పోటీకి పాత పేరు షుట్స్‌హుండ్, ఆ తర్వాత ఐపీఓ, 2019 నుంచి ఐజీపీ: వంశం ఒకటే. ట్రాకింగ్ (జాడ పట్టడం), ఒబీడియన్స్, ప్రొటెక్షన్ (మనిషిని పట్టి కాపలా కాయడం) ఒక్కోదానికి 100 మార్కులు, దేనికది కనీసం 70 రావాలి. రెండింట్లో 95 చొప్పున తెచ్చి మూడోదాంట్లో 69 దగ్గర ఆగితే టైటిల్ రాదు. అందుకే కుక్కకి బాగా వచ్చినదాన్నే చేయిస్తూ మురిసిపోకు. ముందుగా బీహెచ్ (మాట వినడం, జనంలో నడవడి చూసే తొలి పరీక్ష) పాసవ్వాలి కాబట్టి దాన్నే మొదటి ట్రయల్‌గా తీసుకో, తొందరేమీ లేదు.

కూలి లేని పని ఎలా నేర్పాలంటే, బంతిని ఒంటి మీద నుంచి తీసేయడంతో మొదలుపెట్టు. మైదానం అంచున కుర్చీ మీద పెట్టు, కుక్క చూస్తుండగానే పెట్టు. ఒక అంశం చేయించి, ఇద్దరూ కలిసి పరుగెత్తి బంతి అందుకోండి. వారం తర్వాత రెండు అంశాలకోసారి, ఆపైన మూడింటికి. మధ్యమధ్యలో మళ్ళీ ఒక్కదానికే ఇచ్చెయ్. ఎప్పుడూ పెంచుకుంటూనే పోతే అది లెక్క కట్టేస్తుంది. ఎప్పుడూ లాంగ్ డౌన్ (చెప్పినచోటే చాలాసేపు పడుకుని ఉండడం) తర్వాతే బంతి వస్తుంటే ముందువన్నీ చుట్టబెట్టి పారేస్తుంది.

ఇక హీలింగ్, అంటే నీ ఎడమ కాలి పక్కనే అంటిపెట్టుకుని నడవడం. నీ భుజమే దానికి చుక్కాని. కుక్క వస్తోందా లేదా అని ఎడమ భుజం వెనక్కి తిప్పి చూస్తే అది వెనకబడుతుంది. కుడిచేత్తో బంతి ఇచ్చే అలవాటుంటే నీ ముందుకు ఒంగుతూ వచ్చి వెనక భాగం బయటికి పోతుంది. బంతి ఎడమ చంక దగ్గర నుంచే రావాలి. అడుగులు లెక్కపెట్టుకో: ఆగకుండా 50 అడుగులు, వెనుదిరగడం, తర్వాత 10 నుంచి 15 అడుగుల పరుగు, అన్నే నెమ్మది అడుగులు. పరుగు నుంచి నెమ్మదికి మారేటప్పుడు మధ్యలో మామూలు అడుగులు పడకూడదు. కొత్తవాళ్ళు ఇక్కడ ఊపు ఆపుకోలేక రెండు మూడు అడుగులు దొర్లేస్తారు, మార్కు పోతే తప్పు కుక్కదనుకుంటారు. ఈ నడకంతా కుక్క లేకుండా నువ్వొక్కడివే సాధన చెయ్. చూసినవాళ్ళు నవ్వితే నవ్వనీ.

నడకలోంచి కూర్చోమనేటప్పుడు కూడా తప్పు మనిషిదే ఎక్కువ. ఆజ్ఞ ఇస్తూ అడుగు నెమ్మదించడం, మోకాలు వంచడం, వెనక్కి ఓరగా చూడడం. ఇవన్నీ సైగలే, జడ్జి రాసుకుంటాడు. పైగా కుక్క మాటను వదిలేసి ఆ సైగనే నేర్చుకుంటుంది. ట్రయల్ రోజు నువ్వు బిగుసుకుపోయి సైగ మరిస్తే అది కూర్చోదు, నిలబడుతుంది. సగం మార్కులు అక్కడే పోతాయి. ఫోన్లో పక్కనుంచి వీడియో తీయించుకుని నీ మోకాళ్ళు చూడు, కుక్కని తర్వాత చూడవచ్చు.

డంబెల్ (కుక్క నోట పట్టి తెచ్చే కొయ్య) దగ్గర కాస్త ఎక్కువ రోజులు ఉండు. నోట్లో పట్టుకుని కదలకుండా కూర్చోవడం వేరే పాఠం, తెచ్చివ్వడం వేరే పాఠం. రెండూ కలిపి నేర్పితే పరుగు ఉత్సాహంలో కటకటా నమలడం అలవాటవుతుంది, తర్వాత మాన్పించడం కష్టం. నీ ముందు కూర్చోబెట్టి పట్టించు. ఒక క్షణం నిశ్చలంగా పట్టుకుంటే చాలు, వెంటనే తీసుకుని బహుమతి ఇయ్యి. పది సెకన్ల దాకా వచ్చాకే విసరడం మొదలుపెట్టు. మొదటి స్థాయిలో 650 గ్రాములదే, మూడో స్థాయికి నేల మీద తెచ్చే డంబెల్ 2 కిలోలు. పట్టు గట్టిగా లేని కుక్క ఆ బరువుకి ఒక పక్కకి జార్చేస్తుంది.

విసరడం నీ పని, దాన్నీ సాధన చెయ్యాలి. మీటరు ఎత్తు హర్డిల్ మీదుగా విసిరింది పక్కకి పోతే, తిరిగి వచ్చేటప్పుడు కుక్కకి తిన్నటి దారి హర్డిల్ పక్కనుంచే కనిపిస్తుంది, దూకకుండా వచ్చేస్తుంది. బాగా పక్కకి పోయిందనిపిస్తే జడ్జిని అడిగి మళ్ళీ విసరవచ్చు, కుక్క మాత్రం కదలకూడదు. అడగడానికి మొహమాటపడకు. ఎ-ఫ్రేమ్ (రెండు పలకలు పైన కలిపి, ఎక్కి దిగేలా నిలబెట్టిన అడ్డు) పూర్తి ఎత్తు 180 సెంటీమీటర్లు. దాన్ని బాగా పరిచి పల్లంగా పెట్టి మొదలుపెట్టు, దిగేటప్పుడు పైనుంచి ఉరకకుండా కిందిదాకా పలక మీదే నడిపించు. ఎముకలు ముదరని కుక్కని పూర్తి ఎత్తుకి తొందరపెట్టవద్దు.

ప్రొటెక్షన్ గురించి ఒక్క షరతు: పని తెలిసిన హెల్పర్ (కుక్క ముందు దుండగుడిలా నటించే మనిషి) లేకుండా స్లీవ్ (అతని చేతికి ఉండే, కుక్క కరిచే మందపాటి తొడుగు) ముట్టుకోకు. అన్నదమ్ముల చేతికి సంచి చుట్టి కరిపించడం ప్రొటెక్షన్ కాదు, ప్రమాదం. మూడో స్థాయిలో 6 బ్లైండ్లు (హెల్పర్ దాక్కునే మరుగులు) వెతకాలి. హెల్పర్ ఎప్పుడూ చివరిదాంట్లోనే ఉంటాడని తెలిసిపోయిన కుక్క మిగతావి ఎగ్గొట్టి నేరుగా అక్కడికే పోతుంది. అందుకే సాధనలో అతన్ని ఒక్కోసారి రెండోదాంట్లో, మూడోదాంట్లో నిలబెట్టు. దొరికాక ముట్టుకోకుండా, ఆపకుండా మొరగాలి. స్లీవ్ మీద మూతితో పొడిచినా మార్కు పోతుంది. మొరుగు నిలకడగా ఉన్నప్పుడే హెల్పర్ కదలి కరవనివ్వాలి, ఆగినప్పుడు కాదు.

చాలామంది కూలబడేది వదలమన్న చోట. కుక్క కరిచి ఉండగా కాలర్ పట్టి లాగితే దానికి అర్థమయ్యేది ఒక్కటే: దీన్ని నా దగ్గర్నుంచి లాక్కుంటున్నారు, ఇంకా బిగించాలి. ఎంత లాగితే అంత బిగింపు. ముందు హెల్పర్ కదలిక పూర్తిగా ఆపాలి, స్లీవ్‌ని ఒంటికి ఆనించి రాయిలా నిలబడాలి. అప్పుడు ఒక్కసారి ఆజ్ఞ. వదిలి, కళ్ళు హెల్పర్ మీదే ఉంచి మొరిగిన మరుక్షణం మళ్ళీ కరవనివ్వాలి. వదిలితే మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం కుదిరాక మాత్రమే, ఊపు ఎక్కువ ఉన్నప్పుడు వదిలించడం మొదలుపెట్టు. ట్రయల్లో మొదటి ఆజ్ఞకి వదలకపోతే జడ్జి అనుమతితో ఇంకో రెండు, ప్రతిదానికీ మార్కులు కోసేస్తారు. మూడో దానికీ వదలకపోతే డిస్‌క్వాలిఫై, అప్పటిదాకా తెచ్చుకున్నవీ గోవిందా. వదిలాక నీ దగ్గరికి పరుగెత్తుకొచ్చే కుక్క కూడా మార్కులు పోగొడుతుంది. అది హెల్పర్‌నే కాపలా కాయాలి.

ట్రాకింగ్ మొదటి స్థాయిలో నువ్వే నడిచి వేసిన 300 అంగల జాడ, రెండు మూలలు, రెండు వస్తువులు, 20 నిమిషాల పాతది. మూల దాటి ముందుకు పోవడం ఇక్కడి జబ్బు. వేగం ఎక్కువైనా పోతుంది, గాలి వెనకనుంచి వీచి వాసనని ముందుకు తోసినా పోతుంది. మూల తిరిగాక మూడు నాలుగు అడుగుల్లో తిండి పెట్టు, అప్పుడు మూల దగ్గర నెమ్మదించడం దానికే లాభమని తెలుస్తుంది. 10 మీటర్ల తాడు చివర నువ్వుంటావు, మూలలో దాన్ని బిగించి సాయం చేయాలని చూడకు. వస్తువు దగ్గర పడుకుంటుందో నోటితో ఎత్తుతుందో ముందే తేల్చుకో. పడుకుని మళ్ళీ నోట పట్టడం తప్పు.

ట్రయల్ రోజు ఉదయం కడుపు నిండా పెట్టకు. మెడలో ఒంటి వరస గొలుసు వదులుగా ఉంటే చాలు. ముళ్ళ కాలర్, పిడుదుల పట్టీ తీసేయాలి. లీష్ అయితే జేబులో, లేకపోతే ఎడమ భుజం మీదుగా కుడిపక్కకి వేసుకో. ఒబీడియన్స్‌లో నీది లాంగ్ డౌన్‌లో ఉండగా పక్కన ఇంకో కుక్క పనిచేస్తుంటుంది, తుపాకీ పేలుతుంది. ఈ రెండూ క్లబ్బులోనే అలవాటు చేసి రా. ఎదకి వచ్చిన ఆడకుక్క అయితే ముందే చెప్పు, ఒబీడియన్స్, ప్రొటెక్షన్ దానికి అందరికంటే చివర్న పెడతారు.

పైన చెప్పిన పరీక్షలో మూడు వారాలు వరసగా తల దించకుండా చేస్తే పేరు ఇచ్చెయ్. ఫారం నింపేముందు మైక్రోచిప్ నంబరు స్కోర్‌బుక్కులోదానితో అంకె అంకె సరిపోల్చుకో. ట్రయల్ ఉదయం చిప్ చదివి చూస్తారు, అక్కడ తేడా వస్తే మైదానంలోకి అడుగు పెట్టనివ్వరు.