చింతపండు జోలికి పోకు

చిరంజీవి వేణుకి మామయ్య ఆశీస్సులు.

బర్మింగ్‌హామ్‌లో ఇంకా మంచం కూడా కొనుక్కోలేదుగానీ పాత నాణేలు కూడబెడతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది. జీతమంతా అందులో పోస్తావేమోనని బెంగగానూ ఉంది.

ముందు త్రాసు కొను, గ్రాములో వందో వంతు చూపేది. పది రెట్లు చూపే భూతద్దం, ఈ ఏటి కేటలాగు కూడా. కనిపించిందల్లా కొనకుండా ఒక్క వరస పట్టుకో. నువ్వున్న ఊరికి తగ్గది కంచు పెన్నీ. రాయల్ మింట్‌కి, అంటే ప్రభుత్వ టంకశాలకి, పని ఎక్కువైన ఏళ్లలో మీ ఊరి ప్రైవేటు టంకశాల హీటన్ వాళ్లు కొట్టిచ్చిన పెన్నీల మీద హెచ్ అక్షరం ఉంటుంది. విక్టోరియా కాలంవాటిలో సంవత్సరం కింద, 1912, 1918, 1919వాటిలో సంవత్సరానికి ఎడమ పక్కన వెతుకు. 1918, 1919లో కింగ్స్ నార్టన్ అనే మరో కంపెనీ వాళ్లవి కెఎన్ గుర్తుతో వచ్చాయి. అరగనిది దొరకడం కష్టం, ఓపిక పట్టు. పెన్నీ బరువు 9.4 గ్రాములు, అరిగితే కాస్త తగ్గుతుంది.

ఇక అసలు సంగతి. నాణెం తోమకు. మీ అమ్మ అక్కడికొచ్చిందంటే "ఇంత నల్లగా ఉన్నాయేంట్రా" అని చింతపండు నానబెడుతుంది. నాణేలు దాచిపెట్టు. అచ్చు పడేటప్పుడు లోహం అంచులవైపు పాకి, కంటికానని సన్నని గీతలు ఏర్పడతాయి. కొత్త నాణేన్ని దీపం కింద వాల్చి తిప్పితే వెలుగు చక్రంలా తిరిగేది వాటివల్లే. పులుపు పైనున్న గోధుమరంగు పొరతోపాటు ఆ గీతల్నీ తినేస్తుంది. మిగిలేది పాలిపోయిన గులాబీరంగు రాగి. పీచు పెట్టావంటే గీరలు కూడా పడతాయి. కొన్నాళ్లకి మళ్లీ నల్లబడుతుంది, ఈసారి మచ్చలుమచ్చలుగా. తెలిసిన వ్యాపారి ఒక్కసారి వాల్చి చూసి పక్కన పడేస్తాడు. టూత్‌పేస్టు, వంటసోడా, వెండి పాలిష్ అన్నీ ఇదే జాతి.

ఫార్దింగ్‌ల (పావు పెన్నీ నాణేలు) విషయంలో మరీ జాగ్రత్త. 1897 నుంచి 1918 దాకా వాటిని మింటే నల్లచేసి వదిలింది, అర సవరన్ అనే బంగారు నాణెమని ఎవరూ అంటగట్టకుండా. ఆ నలుపు తోమితే పోయేది మురికి కాదు, మింట్ చేసిన పనే.

మట్టి అంటితే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తటి గుడ్డతో అద్దు, రుద్దకు. పాత పీవీసీ ప్లాస్టిక్ కవర్లో ఉండి పచ్చగా జిగురెక్కితే స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచు, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా. గోళ్లరంగు తుడిచేది వాడకు, అందులో వేరేవి కలుస్తాయి. పీవీసీ లేని హోల్డర్లలోనే దాచు. పట్టుకునేది అంచు పట్టుకునే.

స్మారక నాణేలంటావా, పెట్టె చూసి మురిసిపోకు. వెండి నాణేల్లో 1919 దాకా 92.5 శాతం వెండి, 1920 నుంచి 1946 దాకా సగం. 1947 నుంచి చలామణీ నాణేల్లో వెండే లేదు. అందుకే 1935, 1937 క్రౌన్లకీ (పెద్ద స్మారక నాణేలు) 1965 చర్చిల్ క్రౌన్‌కీ పోలికే లేదు. చర్చిల్‌ది కోటీ తొంభై లక్షలకు పైగా కొట్టారు, 1981 చార్లెస్–డయానా పెళ్లిది ఇంకా ఎక్కువ. ముచ్చటపడితే చిల్లరకి కొనుక్కో, అరుదైనదని చెప్పినవాడికి మాత్రం డబ్బివ్వకు. 2009 క్యూ గార్డెన్స్ యాభై పెన్స్ నిజంగానే తక్కువ, 2,10,000. దానికి నకిలీలూ వస్తున్నాయి. 8 గ్రాములు, 27.3 మిల్లీమీటర్లు సరిచూడు. 2019 అని ఉంటే అది మళ్లీ వేసినది.

బంగారు సవరన్ 7.98 గ్రాములు, 22.05 మిల్లీమీటర్లు. బరువు సరిపోయినంత మాత్రాన నమ్మకు, మంచి బంగారంతోనే దొంగ అచ్చులు పోశారు. బ్రిటిష్ న్యూమిస్మాటిక్ ట్రేడ్ అసోసియేషన్ సభ్యుల దగ్గరే కొను. అంచు చుట్టూ గాట్లు వరసగా ఉన్నాయా, పైభాగంలో ఆకురాయి పెట్టిన చోటుందా చూడు. ఉంటే ఒకప్పుడు కొక్కెం అతికించిన నాణెమే, బంగారం ధరకి మించి ఇవ్వకు. మన కాసులపేర్లలోవి చాలావరకు ఇలాంటివే. 1918లో బొంబాయిలో కొట్టిన సవరన్‌కి సంవత్సరం పైన, బొమ్మలోని నేల మీద చిన్న ఇంగ్లీషు ఐ అక్షరం ఉంటుంది. అమ్మమ్మ కాసులపేరులో అది కనబడినా ఊడదీయించకు. అతుకు మచ్చ ఎలాగూ పోదు, ఆవిడ మాత్రం ఏడుస్తుంది.

కొన్న తేదీ, ధర, బరువు రాసి రసీదులతో వేరేచోట పెట్టు. నెలకి ఇంతేనని ఒక అంకె అనుకో. ఇంటికి పంపాల్సింది పంపాకే పెన్నీ కొను.

మీ మామయ్య