హరికేన్ వెళ్ళిపోయాక: మా అక్క కూతురికి ఉత్తరం

చిట్టితల్లీ,

హ్యూస్టన్ పక్కన పియర్లాండ్‌లో అద్దె ఇల్లు కుదిరిందనీ, మీనాక్షి గుడి దగ్గరేననీ నువ్వు చెబితే చాలా సంతోషమేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం జూన్ ఒకటో తారీఖు గుర్తొచ్చింది. ఇక్కడ హరికేన్ సీజన్ అప్పటినుంచి నవంబరు 30 దాకా. డల్లాస్‌లో ఉన్నన్నాళ్లూ నీకీ బాధ లేదు. కేటీలో మా ఇంటినుంచి నీ దగ్గరికి 40 మైళ్లు. మామూలు రోజుల్లో గంటలో వచ్చేస్తాను. తుఫాను మర్నాడు రాలేకపోవచ్చు. అందుకే రాస్తున్నాను. దీన్ని ప్రింట్ తీసి వంటింట్లో పెట్టుకో, కరెంటు లేనప్పుడు ఫోన్‌లో వెతుక్కునే పని ఉండదు.

ముందుగా ఏమేం కొనిపెట్టుకోవాలో టీవీ వాళ్లు చెబుతూనే ఉంటారు. ఊరు ఖాళీ చేయమంటే మారు మాట్లాడకుండా బయల్దేరు. నేను చెప్పేది గాలి ఆగాక వచ్చే రోజుల సంగతి.

2008 సెప్టెంబరు 13న ఐక్ హరికేన్ వచ్చినప్పుడు మీ బాబాయి ఇండియాలో ఉన్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే. 12 రోజులు కరెంటు లేదు. గాలికి భయపడ్డాను, కానీ గాలి ఒక్క రాత్రే. నాలుగో రోజు గరాజ్‌లో తడి నేల మీద కాలు జారి పడ్డాను. ఎముకలేం విరగలేదు, కానీ లేవడానికి పావుగంట పట్టింది. ఫోన్ ఎక్కడో లోపల ఉంది, అందులో చార్జింగూ లేదు. నేను లేవలేకపోతే ఎవరికి తెలుస్తుంది, ఎన్నాళ్లకి తెలుస్తుంది అనిపించి అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది, ఆవిడా ఒంటరే. ఆ సాయంత్రం ఈ మాట చెబితే లోపలికెళ్లి ఒక తెల్ల టవల్ తెచ్చిచ్చింది. అంచుకి నీలం గీత, ఉతికి ఉతికి పల్చబడిపోయింది. "పొద్దున లేవగానే దీన్ని మీ మెయిల్‌బాక్స్‌కి కట్టు. చీకటి పడగానే తీసెయ్. పది గంటలకల్లా టవల్ కనబడకపోతే వచ్చి తలుపు కొడతాను" అంది. తనూ ఒకటి కట్టుకుంది. మర్నాటినుంచి పళ్లు తోముకోకముందే నేను కిటికీలోంచి ఆవిడ టవల్ కోసం చూసేదాన్ని.

నీకూ అలాంటి మనిషి మీ వీధిలోనే ఒకరు కావాలి. తుఫాను లేని ఊళ్లో ఉన్నవాళ్లు ఇంకొకరు కావాలి. మీ అమ్మకి పొద్దున తొమ్మిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి, రెండు మెసేజ్‌లు పెట్టు. మనకి తొమ్మిదంటే ఇండియాలో తనకి సాయంత్రం ఏడున్నర. కాల్ కలవకపోయినా మెసేజ్ వెళ్తుంది, "బాగున్నా" అన్న ఒక్క ముక్క చాలు. మెసేజ్ రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా ముందే చెప్పి ఉంచు. లేకపోతే అక్కడ తను టెన్షన్ పడుతుంది కానీ ఏమీ చేయలేదు.

జనరేటర్ సంగతి. నన్నడిగితే ఒంటరిగా ఉన్నదానివి, నీకది వద్దే వద్దు. రెండు పెద్ద పవర్ బ్యాంకులు, ఒక బ్యాటరీ ఫ్యాన్ చాలు. అయినా కొంటే మాత్రం ఇంట్లో పెట్టకు, గరాజ్‌లో పెట్టకు, గరాజ్ తలుపు ఎత్తి ఉంచినా సరే పెట్టకు. ఇంటికి 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. ముందు తలనొప్పి, కడుపులో తిప్పడం, తర్వాత మగత. పక్కన ఇంకో మనిషి ఉంటే "ఏంటే అలా అయిపోయావు" అని లేపుతారు. నిన్ను లేపేవాళ్లు లేరు. అందుకే బ్యాటరీతో పనిచేసే డిటెక్టర్ ఒకటి పడుకునే గది దగ్గర పెట్టుకో. బొగ్గుల గ్రిల్ కూడా ఇంట్లో వెలిగించకూడదు.

ఐక్ వెళ్లాక చల్లగాలి తిరిగి మమ్మల్ని కాపాడింది. 2024 జులై 8న బెరిల్ వచ్చినప్పుడు ఆ అదృష్టం లేదు. కేటగిరీ 1, అంటే హరికేన్లలో అన్నిటికంటే తక్కువ స్థాయిదే కదా అని చాలామంది తేలిగ్గా తీసుకున్నారు. హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, పైన ఎండ మండిపోయింది. ఎక్కడ కరెంటు ఉందో తెలియక జనం వాటాబర్గర్ అనే బర్గర్ల కొట్ల యాప్ తెరిచి, ఏ కొట్టు తెరిచి ఉందో చూసి ఆ పక్క కరెంటు ఉందని లెక్కేసుకున్నారు! ఇల్లు వదిలి ఎలా రావడం అని పట్టుదలకి పోకు. మధ్యాహ్నం పూట లైబ్రరీకో, జనం చల్లగా కూర్చోడానికి తెరిచే కూలింగ్ సెంటర్‌కో వెళ్లి కూర్చో. 211కి ఫోన్ చేస్తే ఎక్కడున్నాయో చెబుతారు. దారిలో సిగ్నల్ ఆరిపోయి ఉంటే ప్రతి చోటా ఆగి చూసి వెళ్లు.

ఫ్రిజ్ తలుపు తెరవకపోతే లోపలి వస్తువులు నాలుగు గంటలు ఆగుతాయి. ఫ్రీజర్ నిండుగా ఉంటే 48 గంటలు, సగమే ఉంటే 24. ఆ తర్వాత పప్పయినా పెరుగైనా రుచి చూసి తేల్చుకోకు, పారెయ్. పారేయడానికి నాకూ మనసొప్పలేదు, కానీ ఒంటరిగా ఉండి విరేచనాలు పట్టుకుంటే నీళ్లందించే దిక్కుండదు. ఆవకాయకి ఏం కాదు. నీ స్టవ్ కరెంటుదైతే అటుకులు, మరమరాలు, వేరుశనగలు దండిగా పెట్టుకో.

తాగడానికీ వంటకీ రోజుకి ఒక గ్యాలన్ నీళ్లు లెక్క వేసుకో. నీళ్లు మరిగించి తాగమని సిటీ వాళ్లు చెబితే, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచాలి. ఫిల్టర్ జగ్గు సరిపోదు. బాత్‌టబ్‌లో పట్టిన నీళ్లు టాయిలెట్‌కి.

బయట తెగిపడ్డ తీగ ఏదైనా సరే, అందులో కరెంటు ఉన్నట్టే అనుకో. నిలిచిన నీళ్లలో దిగకు. హార్వీ హరికేన్ అప్పుడు ఎర్రచీమలు ఉండలు కట్టి ఆ నీళ్ల మీద తేలుతూ పోయాయి. నిచ్చెన ఎక్కకు, కొమ్మలు కోయకు. చెయ్యి తప్పితే ఇంకొకరు పట్టుకోవాల్సిన పని ఏదీ ఒంటరిగా ఉన్నప్పుడు మొదలుపెట్టకు, ఎంత చిన్నదైనా సరే.

ఇల్లు తడిస్తే తుడవకముందే ఫోటోలు తియ్యి, గోడ మీద నీటి గీత కనబడేలా. ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది కాబట్టి ఫోటోలయ్యాక తడి వస్తువులు బయటికి చేర్చు. అద్దెకుండేవాళ్లు తీసుకునే మామూలు రెంటర్స్ ఇన్సూరెన్స్‌లో వరదనీళ్లు రావు, ఆ పాలసీ వేరు. అది తీసుకున్నాక సాధారణంగా 30 రోజులకి గానీ అమల్లోకి రాదు, కాబట్టి ఈ వారమే కనుక్కో. విపత్తులప్పుడు ఆదుకునే ప్రభుత్వ సంస్థ ఫెమా సాయానికి నంబరు 1-800-621-3362. వాళ్ల మనుషులు డబ్బులు అడగరు. అడిగాడంటే వాడు దొంగ.

ఈ శనివారం నీ దగ్గరికి వస్తున్నాను. డిటెక్టర్ తెస్తాను, పాత తెల్ల టవళ్లు రెండు తెస్తాను. కజ్జికాయలు చేసి ఉంచాను, అవీ తెస్తాను. మీ పక్కింటివాళ్లు ఎవరో నీకింకా తెలీదన్నావుగా, సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరం వెళ్లి తలుపు కొడదాం.

మీ పిన్ని